ఏ లూర్‌కి ఏ లైన్? బాస్ చేపలు పట్టేవాళ్లందరూ అడిగే ప్రశ్న

"బాస్‌కి మంచి లైన్ ఒకటి చెప్పండి" అని వారానికి ఒకరైనా అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ లూర్, అంటే ఏ ఉత్తుత్తి ఎర కడుతున్నారు? అక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే లైన్, అదే గాలం దారం, చేప బరువుని బట్టి కొనేదని అందరి మనసులో ఉండిపోయింది. చేప బరువు చివర్లో చూసుకునే సంగతి. ముందు చూడాల్సింది లూర్ నీళ్లలో ఏం చేయాలి అన్నది. దాని పనికి లైన్ అడ్డం పడకపోతే చాలు, సగం పని అయిపోయినట్టే.

నేను మొదట్లో ఓ పాపర్ కొన్నాను. లాగినప్పుడల్లా "బుడుంగ్" అని నీళ్లు చిమ్మాలి దాని పని. నాదేమో ముక్కు వంచుకుని నీళ్లలోకి దూరేది. లూర్ బాగాలేదనుకుని ఇంకోటి కొన్నాను, అదీ అంతే. పక్కన చేపలు పడుతున్న ఓ పెద్దాయన కాసేపు చూసి, నా లైన్‌ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, "ఇది మునిగే దారం బాబూ, పైన తేలే లూర్‌కి కట్టావేంటి" అన్నాడు. ఆయన రీల్‌లోంచి రెండడుగుల నైలాన్ ముక్క కోసిచ్చి కట్టుకోమన్నాడు. అదే లూర్, రెండో విసురుకే శుభ్రంగా పనిచేసింది. రెండు నెలలుగా లూర్‌ని తిడుతున్నాను, తప్పు దారానిది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మీ లూర్ల పెట్టె. మొత్తం అవసరం లేదు, మీరు నిజంగా వాడే నాలుగైదు రకాలు చాలు.
- నైలాన్ మోనో (ఒకే పోగు) లైన్, 12 నుంచి 15 పౌండ్లది ఒకటి. పౌండ్లు అంటే లైన్ ఎంత లాగుడు తట్టుకుంటుందో చెప్పే అంకె.
- ఫ్లోరోకార్బన్: లీడర్‌కి (మెయిన్ లైన్ కొసకి కలిపే పొట్టి ముక్క) 8 పౌండ్లది, రీల్ నిండా వేయడానికి 12 లేదా 15 పౌండ్లది.
- బ్రెయిడ్, అంటే జడలా అల్లిన దారం: స్పిన్నింగ్ రీల్‌కి (విసిరినప్పుడు స్పూల్, అంటే దారం చుట్టుకునే చక్రం, తిరగని రీల్) 10–15 పౌండ్లది, బెయిట్‌కాస్టర్‌కి (విసిరినప్పుడు స్పూల్ తిరిగే రీల్) 50 పౌండ్లది.
- పదునైన కత్తెర. నైలాన్ కోసే గోళ్ల కత్తెరతో బ్రెయిడ్ తెగదు, నలిగి పీచులా అవుతుంది, ఆ పీచు చివరతో ముడి వేయలేక విసుగొస్తుంది.
- చేపల్ని తూచే చిన్న త్రాసు, పట్టుకారు, కళ్లద్దాలు. కళ్లద్దాలు ఎందుకో ముడి దగ్గర చెప్తాను.

అన్నీ ఒకేసారి కొనకండి. ఒక్కటే రీల్ ఉన్నవాళ్ల సంగతి చివర్లో ఉంది.

మూడు లైన్ల గురించి తెలియాల్సినంత

నైలాన్ మోనో నీళ్ల కంటే కొంచెమే బరువు, అందుకే మునగడానికి చాలాసేపు తీసుకుంటుంది. బాగా సాగుతుంది. నీళ్లు పీల్చుకుని కాస్త బలం తగ్గుతుంది, ఎండకి పాడవుతుంది. ముడికి మాత్రం దీనంత మంచిది లేదు, ఎలా కట్టినా సర్దుకుపోతుంది.

ఫ్లోరోకార్బన్ నీళ్ల కంటే దాదాపు 1.8 రెట్లు బరువు, కాబట్టి మునుగుతుంది. నీళ్లు పీల్చుకోదు, రాళ్లకి బాగా తట్టుకుంటుంది. కాంతిని వంచే గుణం నీటికి 1.33, ఫ్లోరోకి 1.42, నైలాన్‌కి ఇంకా ఎక్కువ. నీళ్లలో ఫ్లోరో తక్కువ కనబడుతుందనే మాట అక్కడి నుంచి వచ్చింది. తక్కువ కనబడుతుందంతే, మాయమైపోదు. ఇది సాగదని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. గట్టిగా లాగితే సాగుతుంది, పైగా ఒకసారి బాగా సాగితే మళ్లీ పూర్తిగా వెనక్కి రాదు. 1971లో జపాన్‌లో కురేహా కంపెనీ దీన్ని మొదట లీడర్‌గానే తెచ్చింది. రీల్ నిండా వేసుకునే మెత్తని రకాలు తర్వాత వచ్చాయి.

బ్రెయిడ్ నీళ్ల మీద తేలుతుంది, దాదాపు సాగదు, బలానికి చాలా సన్నం. 30 పౌండ్ల బ్రెయిడ్ లావు సుమారుగా 8 పౌండ్ల నైలాన్ అంత. నీళ్లలో స్పష్టంగా కనబడుతుంది. నాచుని కత్తిలా కోస్తుంది కానీ, బిగువుగా ఉన్నప్పుడు పదునైన రాయికి రాసుకుంటే పుటుక్కున తెగుతుంది.

సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి.

1. లూర్ తేలేదా, మునిగేదా, మధ్యలో ఆగేదా చూడండి

తేలే లూర్‌కి తేలే లైన్ లేదా నెమ్మదిగా మునిగే నైలాన్, మునిగే లూర్‌కి మునిగే లైన్. తొంభై శాతం తప్పులు ఇక్కడే పోతాయి. నీళ్ల పైన ఆడే పాపర్, వాకింగ్ బెయిట్ (అటూ ఇటూ ఊగుతూ నడిచేది), బజ్‌బెయిట్ (రెక్క తిరుగుతూ చప్పుడు చేసేది), ఫ్రాగ్ (కప్ప బొమ్మ) లాంటివాటికి ఫ్లోరో వద్దు. డీప్ క్రాంక్‌బెయిట్ (ముందు మూతి ఉండి లోతుకి దూకేది), జిగ్ (తలకి సీసం పోసిన హుక్), టెక్సస్ రిగ్ (రబ్బరు పురుగు, దాని ముందు సీసం గుండు) లాంటివాటికి ఫ్లోరో మేలు.

2. హుక్ ఎలాంటిదో చూడండి

మూడు కొనల ట్రెబుల్ హుక్కులు సన్నగా ఉంటాయి, చేప నోట్లో పైపైన దిగుతాయి. అక్కడ ఏమాత్రం సాగని బ్రెయిడ్ వేసి గట్టిగా గుంజారంటే నోరు చిరిగి హుక్ ఊడొస్తుంది. కాస్త సాగే లైన్ కావాలి, లేదా మెత్తగా వంగే రాడ్ అయినా కావాలి. జిగ్, ఫ్రాగ్, టెక్సస్ రిగ్‌లకి లావుపాటి హుక్ ఉంటుంది. అది దిగాలంటే బలం పూర్తిగా దాని దాకా చేరాలి, సాగే దారంతో సగం బలం దారిలోనే పోతుంది.

3. నీళ్లలో అడ్డం ఏముందో చూడండి

దట్టమైన నాచు, తామరాకులు ఉంటే బ్రెయిడ్. రాళ్లు, గుల్లలు, కాంక్రీటు అంచులుంటే ఫ్లోరో. మోడులు, పడిపోయిన చెట్ల కొమ్మలుంటే మామూలుగా ఫ్లోరోయే, కాస్త లావుది. కొమ్మ మీదుగా చేపని లాగేటప్పుడు బ్రెయిడ్ చెక్కలోకి కోసుకుని ఇరుక్కుంటుంది, నేనైతే కొమ్మల్లో బ్రెయిడ్ మానేశాను.

4. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడండి

మీ లూర్ మూడు నాలుగు అడుగుల లోతులో కూడా కనబడుతోందంటే సన్నటి ఫ్లోరో, లేదా పొడవాటి లీడర్. అడుగు లోతులోనే మాయమైపోతే లైన్ కనబడుతుందనే టెన్షన్ వదిలేసి లావుది వేయండి. నాచు మీద ఫ్రాగ్ ఆడించేటప్పుడు తేట సంగతి అస్సలు పట్టించుకోవద్దు, లైన్ నీళ్లలో ఉండదు, ఆకుల మీద ఉంటుంది.

5. ఇప్పుడు లూర్‌కి తగ్గ లైన్ ఎంచుకోండి

పాపర్, వాకింగ్ బెయిట్: 12 నుంచి 17 పౌండ్ల నైలాన్. ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు. దూరం విసరాలంటే 30–40 పౌండ్ల బ్రెయిడ్ వేసి, కొసకి అడుగున్నర, రెండడుగుల నైలాన్ లీడర్ కట్టండి. లీడర్ ఎందుకంటే, ఉత్త బ్రెయిడ్ మెత్తగా ఉండి, లూర్ ఆగినప్పుడు ముందు హుక్‌కి చుట్టుకుంటుంది. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలంటే లూర్‌ని పది అడుగుల దూరంలో వేసి, లైన్ వదులుగా వదిలి పది లెక్కపెట్టండి. ముక్కు కిందికి వంగుతుంటే లైన్ మునుగుతోందని అర్థం.

ఫ్రాగ్: 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్, నేరుగా హుక్‌కే, లీడర్ వద్దు. "అంత పెద్ద చేప లేదు కదా, 65 ఎందుకు" అంటారు. చేప మూడు పౌండ్లే కావచ్చు, కానీ దాని తలకి చుట్టుకున్న నాచు ఇంకో ఐదారు పౌండ్లు ఉంటుంది, రెండూ కలిసి రావాలి. ఆకుల కింద మరీ దట్టంగా ఉండి, బరువైన సీసం గుండుతో చాపలాంటి నాచుని చీల్చుకుంటూ లూర్ దింపే పని అయితే 65 నుంచి 80.

బజ్‌బెయిట్: 17–20 పౌండ్ల నైలాన్, గడ్డి ఉంటే 50 పౌండ్ల బ్రెయిడ్.

క్రాంక్‌బెయిట్ దగ్గర కాస్త ఆగాలి. లోతుకి వెళ్లే రకానికి 10 లేదా 12 పౌండ్ల ఫ్లోరో. ఇక్కడ లావు చాలా ముఖ్యం, ఎందుకంటే విసిరిన లైన్ మొత్తాన్నీ లూర్ తనతో పాటు నీళ్లలోకి లాక్కెళ్లాలి, లావు దారానికి నీటి ఒరిపిడి ఎక్కువ. 10 పౌండ్ల లైన్ తీసేసి 17 వేస్తే అదే లూర్ రెండడుగులు పైనే తిరగొచ్చు, చేపలేమో అడుగున ఉంటాయి. దూరంగా విసిరితేనే పూర్తి లోతు అందుతుంది, సన్న లైన్ దానికీ సాయం చేస్తుంది. పరీక్ష సులువు: లోతు తెలిసిన చోట విసిరి చుట్టండి, మూతి నేలకి తగిలి "టక్ టక్" అని చేతికి తెలిస్తే సరిపోయింది. తగలకపోతే లూర్ మార్చే ముందు లైన్ చూడండి. మోడుల మధ్య, రెండు మూడు అడుగుల లోతులో తిప్పే చదరపు మూతి క్రాంక్‌కి మాత్రం ఇదంతా తిరగేయాలి. అక్కడ లోతు అక్కర్లేదు, ఒరిపిడిని తట్టుకోవాలి, కాబట్టి 12 నుంచి 17 పౌండ్లు. ఇంకా పైపైన తిప్పాలంటే నైలాన్ వేసినా తప్పు లేదు.

లిప్‌లెస్ (మూతి లేని) క్రాంక్: 15–17 పౌండ్ల ఫ్లోరో. గడ్డిలో ఇరుక్కుంటే ఒక్క ఊపుతో విదిలించాలని కొందరు 30–40 బ్రెయిడ్ వాడతారు. బాగానే పనిచేస్తుంది, కానీ రాడ్ మెత్తనిది ఉండాలి, లేదంటే పైన చెప్పిన ట్రెబుల్ హుక్ కథే.

జెర్క్‌బెయిట్: 8 నుంచి 12 పౌండ్ల ఫ్లోరో, ఎక్కువసార్లు 10. ఇది నీళ్ల మధ్యలో కదలకుండా ఆగాలి, అందులోనే దాని కిటుకంతా ఉంది. కాళ్ల దగ్గర తేట నీళ్లలో వేసి, రెండు ఊపులు ఊపి ఆపండి. నెమ్మదిగా పైకి లేచినా పర్వాలేదు. ముక్కు కిందికి పెట్టి మునిగిపోతుంటే లైన్ మరీ లావు, ఒక మెట్టు తగ్గించండి. నీళ్లు చల్లబడినా, వేడెక్కినా ఈ తూకం మారుతుంది, అందుకే ఈ పరీక్ష ప్రతిసారీ చేయాల్సిందే.

స్పిన్నర్‌బెయిట్: 15–17 పౌండ్ల ఫ్లోరో. చాటర్‌బెయిట్: 15 నుంచి 20. రెండూ ఒకటే కొక్కెం లూర్లు, గడ్డిలోంచి, కొమ్మల్లోంచి లాగేవి, సన్న లైన్‌తో పని లేదు. బ్లేడు కొట్టుకునే అదురు చేతికి తెలియాలి. అది ఆగిపోయిందంటే గడ్డి అయినా చిక్కుకుంది, చేప అయినా నోట పెట్టుకుంది.

జిగ్: బయట నీళ్లలో 15 నుంచి 20 ఫ్లోరో, గడ్డిలో 50–65 బ్రెయిడ్. టెక్సస్ రిగ్: 12 నుంచి 17 ఫ్లోరో, నేను మామూలుగా 15తో మొదలుపెడతాను. వీటిలో సగం కాట్లు లూర్ కిందికి దిగుతున్నప్పుడే వస్తాయి. లైన్ మునిగేదైతే లూర్ వెంట తిన్నగా ఉంటుంది, చిన్న "టుక్" కూడా వేలికి తెలుస్తుంది. తేలే లైన్ అయితే విల్లులా వంగి ఉంటుంది, ఆ వంపు మొత్తం లాగేలోపు చేప ఉమ్మేస్తుంది.

కరోలినా రిగ్: మెయిన్ లైన్ 15–20 ఫ్లోరో, సీసం తర్వాత కట్టే లీడర్ 10 నుంచి 15. లూర్ అడుగుకి అతుక్కోకుండా కాస్త పైకి తేలాలనుకుంటే ఆ లీడర్‌ని నైలాన్‌తో కట్టండి.

డ్రాప్ షాట్, నెడ్ రిగ్, షేకీ హెడ్, వాకీ రిగ్ లాంటి సన్నపని లూర్లన్నీ ఒక గుంపు: స్పిన్నింగ్ రీల్, 10–15 పౌండ్ల బ్రెయిడ్, దానికి 6 నుంచి 10 పౌండ్ల ఫ్లోరో లీడర్. తేట నీళ్లలో 6, మోడులున్న చోట 10. స్పిన్నింగ్ రీల్ నిండా 12 పౌండ్ల ఫ్లోరో వేశారంటే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా ఎగిరొస్తుంది, ఆ రోజంతా చిక్కులు తీసుకోవడమే సరిపోతుంది.

పెద్ద స్విమ్‌బెయిట్: 20 నుంచి 25 పౌండ్లు, నైలాన్ అయినా ఫ్లోరో అయినా. అరచేయంత లూర్‌ని బలంగా విసిరినప్పుడు రీల్ చిక్కుకుంటే, సన్న లైన్ అక్కడికక్కడే తెగి లూర్ ఒంటరిగా ఎగిరిపోతుంది.

6. డబ్బా మీది అంకెలు చదవండి

పౌండ్ల అంకె ఒక్కటే చూసి కొనకండి, పక్కన ఉండే మిల్లీమీటర్ల అంకె కూడా చూడండి. ఒక కంపెనీ 12 పౌండ్లదీ ఇంకో కంపెనీ 12 పౌండ్లదీ ఒకే లావు ఉండాలని లేదు. మామూలు లైన్ చాలావరకు రాసినదానికంటే ఎక్కువకే తెగుతుంది, బాగా లావుగా చేసి తక్కువ పౌండ్లు రాసిన రకాలూ ఉంటాయి. క్రాంక్‌బెయిట్‌కి కొనేటప్పుడు లావే చూడండి. జపాన్ తరహా డబ్బాల మీద పౌండ్లకి బదులు నంబర్ ఉంటుంది, 1 నంబర్ అంటే సుమారు 0.165 మిల్లీమీటర్లు. బ్రెయిడ్ అయితే ఆ నంబర్ ముందు పీఈ అని ఉంటుంది. పాలిథిలీన్ అనే మాటకి పొట్టిరూపం అది, దాన్ని చూసి ఇంకేదో కొత్తరకం అనుకోవద్దు.

7. రీల్‌కి ఎక్కించండి

బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్‌కి కట్టొద్దు. అడుగున పది పదిహేను చుట్లు నైలాన్ వేసి దానికి బ్రెయిడ్ కలపండి, లేదా స్పూల్ మీద చిన్న టేపు ముక్క అంటించండి. లేదంటే చుట్ట మొత్తం స్పూల్ మీద జారుతుంది. పెద్ద చేప పడి లాగుతుంటే హ్యాండిల్ తిరుగుతూనే ఉంటుంది, లైన్ మాత్రం రాదు, రీల్ పాడైందని అనుకుంటారు. ఇది చూసుకోవాలంటే డ్రాగ్ (చేప గట్టిగా లాగితే స్పూల్‌ని జారనిచ్చే బ్రేకు) పూర్తిగా బిగించి లైన్‌ని గట్టిగా లాగండి. స్పూల్ కదలకుండా లైన్ చుట్ట మాత్రం జారితే మొదట్నుంచీ చుట్టాల్సిందే.

స్పిన్నింగ్ రీల్‌కి మెలికలు పెద్ద బాధ. డబ్బాని నేల మీద పరిచి పెట్టి, పదిహేను ఇరవై చుట్లు చుట్టి, లైన్‌ని వదులుగా వదలండి. మెలికలు తిరిగి ఒకదాని మీద ఒకటి పడుతుంటే డబ్బాని తిరగేయండి. ఆ తర్వాత తడిగుడ్డతో లైన్‌ని వేళ్ల మధ్య బిగించి పట్టుకుని మిగతాది చుట్టండి. బ్రెయిడ్ అయితే ఇంకా బిగువుగా ఉండాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ పై చుట్టు కింది చుట్లలోకి దిగబడి, తర్వాతి విసురులో పెద్ద చిక్కై కూర్చుంటుంది.

అంచు నుంచి మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. స్పిన్నింగ్ రీల్‌ని అంచుదాకా నింపితే చుట్టలు ఊడి పడతాయి, మరీ తక్కువ నింపితే విసురు దూరం పోదు.

8. లీడర్ కలపండి

డబుల్ యూనీ ముడి నేర్చుకోండి, మొదటికి అది చాలు. బ్రెయిడ్ వైపు ఎనిమిది చుట్లు, ఫ్లోరో వైపు నాలుగైదు. అలవాటయ్యాక ఎఫ్‌జీ ముడికి మారండి. అది సన్నగా ఉండి రాడ్ రింగుల్లోంచి చప్పుడు లేకుండా జారుతుంది, కానీ గాలి వీస్తుంటే ఒడ్డున నిలబడి కట్టడం నరకం. సన్నపని లూర్లకి లీడర్ ఆరు నుంచి పది అడుగులు. లీడర్ బలం మెయిన్ లైన్ కంటే తక్కువ ఉండాలి. అడుగున ఇరుక్కుని తెంపుకోవాల్సి వస్తే కొసలోనే తెగి, మీ బ్రెయిడ్ మీకు మిగులుతుంది.

లీడర్ కట్టే ఓపిక లేనివాళ్లకి ఓ దారి ఉంది. బ్రెయిడ్ చివరి మూడు నాలుగడుగులని నల్ల మార్కర్‌తో మచ్చలు మచ్చలుగా రుద్దండి. ఫ్లోరో అంత కాదు, ఉత్త పచ్చ బ్రెయిడ్ కంటే నయం.

9. ముడి వేయండి, తడిపి బిగించండి

బ్రెయిడ్‌కి పాలోమార్. నైలాన్‌కి పాలోమార్ లేదా ఇంప్రూవ్డ్ క్లించ్, ఏదైనా సరే. ఫ్లోరోకీ పాలోమార్ కట్టొచ్చు, కానీ చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూడాలి, ఎక్కితే ఒకటి ఇంకోదాన్ని కోసేస్తుంది. పాపర్‌కి, జెర్క్‌బెయిట్‌కి చిన్న ఉచ్చు ముడి వేస్తే లూర్ ఇంకాస్త స్వేచ్ఛగా ఆడుతుంది.

బిగించే ముందు ఉమ్మితోనో నీళ్లతోనో తప్పకుండా తడపండి, నెమ్మదిగా లాగండి. పొడిగా గబుక్కున బిగిస్తే ఒరిపిడి వేడికి ఫ్లోరో అక్కడే నలిగి తెల్లబారుతుంది, తెల్లగా గరుకుగా కనబడితే కోసేసి మళ్లీ కట్టండి. నేను ఓసారి చీకట్లో తొందరపడి పొడి ముడే వేశాను. మంచి చేప పడవ అంచుదాకా వచ్చి తల విదిల్చింది, అంతే. చేతికి వచ్చిన లైన్ కొస పందిపిల్ల తోకలా ఉంగరాలు తిరిగి ఉంది. లైన్ తెగితే కొస తిన్నగా ఉంటుంది, ముడి జారితే ఇలా మెలి తిరుగుతుంది. చేప పోయినప్పుడల్లా ఆ కొసని చూడండి, తప్పు ఎక్కడో అదే చెప్తుంది.

ముడి పరీక్షకి హుక్‌ని ఏదైనా కదలని దానికి తగిలించి, లైన్‌ని ఓ చిన్న కర్రకి చుట్టి నిదానంగా లాగండి. చేతికి చుట్టుకోవద్దు, బ్రెయిడ్ చర్మాన్ని బ్లేడులా కోస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ముడి ఊడితే లూర్ మీ మొహం మీదికే వస్తుంది.

10. డ్రాగ్ సరిచూడండి

లైన్ బలంలో పావు వంతు నుంచి ముప్పై శాతం వరకు. 12 పౌండ్ల లైన్ అయితే త్రాసు కొక్కేనికి కట్టి లాగినప్పుడు మూడు, మూడున్నర పౌండ్ల దగ్గర స్పూల్ జారడం మొదలవ్వాలి. లీడర్ ఉంటే లీడర్ బలాన్నే లెక్కలోకి తీసుకోండి. 15 పౌండ్ల బ్రెయిడ్‌కి 6 పౌండ్ల లీడర్ కట్టి, 15కి డ్రాగ్ పెట్టుకునేవాళ్లు ఎంతమందో. నాచులో ఫ్రాగ్‌కి మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ డ్రాగ్ దాదాపు పూర్తిగా బిగించేయండి, చేపకి ఒక్క అడుగు వదిలినా వేర్లలోకి దూరి కూర్చుంటుంది.

మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లు

రీల్‌కి ఏది ఉంటే దానితోనే అన్ని లూర్లూ విసరడం అన్నిటికంటే పెద్దది, దాని గురించే ఇంతసేపూ చెప్పాను. దాని తర్వాత, బలం కోసం లావు పెంచుకుంటూ పోవడం. ఒకసారి చేప తెంపుకుంటే 10 నుంచి 17కి ఎగబాకుతారు, ఆ రోజు నుంచి లూర్ ఆట చచ్చిపోతుంది, కాట్లు తగ్గుతాయి, "చేపలు లేవు" అంటారు. తెగింది లైన్ తక్కువై కాదు, ముడి దగ్గరో, గీత పడ్డ చోటో తెగింది.

బెయిట్‌కాస్టర్‌లో పక్షిగూడు లాంటి చిక్కు పడ్డాక ఫ్లోరోని అలాగే వాడటం ఇంకొకటి. చిక్కు విప్పాక లైన్ మీద మడత పడ్డ చోట తెల్లటి గీత కనబడుతుంది, అక్కడ బలం పోయినట్టే. గీత కొసకి దగ్గరగా ఉంటే అక్కడిదాకా కోసేయండి, లోపల దూరంగా ఉంటే ఆ స్పూల్ మార్చే రోజు వచ్చిందన్నమాట.

గీతలు ఉన్నాయో లేదో చూడటానికి కంటిని నమ్మకండి. చివరి మూడడుగుల్ని బొటనవేలు గోరు మీదుగా, లేదా పెదాల మధ్య నుంచి మెల్లగా లాగండి. ఎక్కడైనా గరుకు తగిలితే కోసి మళ్లీ కట్టండి. ప్రతి చేప తర్వాత, రాళ్లకి రాసుకున్న ప్రతిసారీ. ఒక నిమిషం పని.

ఒక్కటే రీల్ ఉంటే

స్పిన్నింగ్ రీల్ అయితే 15 పౌండ్ల బ్రెయిడ్ వేసి, జేబులో రెండు చిన్న లీడర్ చుట్టలు పెట్టుకోండి: 8 పౌండ్ల ఫ్లోరో, 12 పౌండ్ల నైలాన్. కింద ఆడే లూర్‌కి ఫ్లోరో, పైన తేలేదానికి రెండడుగుల నైలాన్. లీడర్ మారిస్తే లైన్ మార్చినట్టే. బెయిట్‌కాస్టర్ అయితే 14 పౌండ్ల నైలాన్. జిగ్‌కి అంత చురుగ్గా ఉండదు, డీప్ క్రాంక్ అంత లోతుకి పోదు, అయినా ఏ లూర్‌నీ పూర్తిగా పాడుచేయదు. దట్టమైన నాచులోకి మాత్రం దాంతో వెళ్లకండి. రెండో రీల్ కొనే రోజు వస్తే దానికి 50 పౌండ్ల బ్రెయిడ్ వేయండి.

ఎప్పుడు మార్చాలి

నైలాన్ నెలల లెక్క: తరచూ వెళ్తే రెండు మూడు నెలలకి, లేదా రంగు పాలిపోయి పెళుసుగా అనిపించగానే. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే ఇంకా ముందే. ఫ్లోరో, రీల్‌లోంచి తీసినప్పుడు చుట్టలు తిన్నబడకుండా అలాగే ఉండిపోతుంటే. తీసేసిన లైన్‌ని ఒడ్డున పారేయకండి, పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది. చిన్న ముక్కలుగా కోసి చెత్తలో వేయండి.

బ్రెయిడ్ ఏళ్ల తరబడి వస్తుంది. రంగు పోయిందని పారేయకండి, పీచు లేస్తుందేమో చూడండి. లేస్తుంటే దాన్ని విప్పి, మళ్లీ మీ రీల్‌కి తిరగేసి ఎక్కించండి. అయితే ఒక్క స్పూల్‌కే చుట్టి వెనక్కి తెస్తే పాత కొసే మళ్లీ పైకి వస్తుంది, అందుకే రెండు ఖాళీ స్పూళ్లు కావాలి: రీల్ నుంచి మొదటిదానికి, దాని నుంచి రెండోదానికి, అక్కడి నుంచి రీల్‌కి. అప్పుడు అరిగిన కొస అడుగుకి పోయి, ఇన్నాళ్లూ ఎండ తగలని కొత్త రంగు దారం చేతికొస్తుంది.